ఓ కంట కనిపెట్టడం నేర్చుకోగలిగిన విద్యేనా?

పొయ్యి మీద పాలు పెట్టి పక్క గదిలోకి వెళ్తూ 'కాస్త ఓ కంట కనిపెడుతూ ఉండు' అని ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లడం తెలుగు ఇళ్లలో రోజూ వినిపించే మాటే. ఆ మాట విన్నవారు వంకాయలు తరుగుతూనో, పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూనో ఉంటారు. వారి చూపు కత్తిపీట మీదే ఉంటుంది. అయినా గిన్నె అంచున తెల్లగా ఏదో లేచినట్టు తోచగానే చెయ్యి పొయ్యి వైపు వెళ్తుంది. చూపు ఒకచోట నిలిచి ఉండగా ఎరుక మరోచోట కాపు కాయగలదన్న సంగతి ఆ నానుడిలోనే ఇమిడి ఉంది. అయితే ఆ శక్తికి హద్దులేమిటి, సాధనతో అది పెరుగుతుందా, అదే శక్తి చదువుకునేటప్పుడూ బండి నడిపేటప్పుడూ దృష్టిని పక్కకు లాగేస్తుంటే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు జవాబులు అంత తేలిక కావు.

చూపునూ అవధానాన్నీ విడదీయవచ్చని ప్రయోగంతో చూపినవారిలో ముఖ్యుడు 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫన్ హెల్మ్‌హోల్ట్జ్. చీకటి పెట్టెలో అక్షరాలు అచ్చువేసిన కాగితాన్ని ఉంచి, అందులో సూదిబెజ్జమంత వెలుగుచుక్క మీద కళ్లు నిలిపి, ఒక్క విద్యుత్ మెరుపుతో ఆ కాగితాన్ని వెలిగించేవాడు. ఆ మెరుపు ఎంత క్షణికమంటే, అది ఆరిపోయేలోగా కన్ను కదలడానికి వ్యవధి ఉండదు. మెరుపుకు ముందే కాగితంలో ఏ మూలను గమనించాలో మనసులో నిశ్చయించుకుంటే, కళ్లు మధ్యచుక్క మీదే ఉన్నా ఆ మూలనున్న అక్షరాలను అతడు గుర్తించగలిగేవాడు. తక్కిన అక్షరాలు కూడా అదే కంటిలో అదే మెరుపుతో పడ్డాయి, కానీ అవి అతనికి అందలేదు. మనస్తత్వశాస్త్రంలో ఇప్పటికీ వాడుకలో ఉన్న 'రహస్య అవధానం' అన్న భావనకు మూలం ఈ పెట్టెలోనే ఉంది.

చేయి బారుగా చాచి బొటనవేలిని చూస్తే, ఆ గోరు ఆక్రమించే మేర సుమారు 2 డిగ్రీలు. రెటీనాలో అత్యంత స్పష్టంగా చూడగలిగే ఫోవియా పరిధి ఇంచుమించు అంతే. రెండు కళ్లూ కలిసి అడ్డంగా 180 డిగ్రీలకు మించి చూస్తాయి కనుక, ఏ క్షణాన చూసినా మనిషి నిశితంగా చూస్తున్నది గోరంత భాగమే. మిగిలినదంతా అంచు చూపు, పాఠ్యపుస్తకాల భాషలో పరిధీయ దృష్టి. మధ్య నుంచి 10 డిగ్రీలు పక్కకు జరిగేసరికి స్పష్టత దాదాపు అయిదో వంతుకు పడిపోతుంది. ఒక్కో కంటిలో వివరాన్నీ రంగునూ పట్టే శంకు కణాలు సుమారు 60 లక్షలు, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు 12 కోట్ల దాకా ఉంటాయి. ఇవి సేకరించిన సమాచారమంతా పది పన్నెండు లక్షల పోగులున్న దృక్ నాడి గుండానే మెదడుకు చేరాలి. అంతటి ఇరుకు దారిలో అన్ని వివరాలూ పట్టవు. అందుకే మధ్యభాగానికి పెద్దపీట వేసి, అంచులకు సంక్షిప్త సమాచారాన్ని మాత్రమే కేటాయించే ఏర్పాటు కంటిలోనే ఉంది.

అంచు చూపును కేవలం మసక చూపు అనుకోవడం పొరపాటు. ఈ వాక్యంలో ఏదో ఒక పదం మీద కళ్లు కదపకుండా నిలిపి, దానికి నాలుగో పదాన్ని చదవడానికి ప్రయత్నిస్తే అసలు ఇబ్బంది బయటపడుతుంది. అక్కడ అక్షరాలున్నాయని తెలుస్తుంది, గుండ్రని గీతలు కనిపిస్తాయి, కానీ ఏ ఒత్తు ఏ అక్షరానిదో, గుడి ఎక్కడుందో విడదీయలేక అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అదే అక్షరం ఒంటరిగా ఉంటే అంత దూరంలోనూ గుర్తుపట్టవచ్చు. పక్కనున్న ఆకారాలు ముసురుకుని ఒక ఆకారాన్ని గుర్తుపట్టకుండా చేసే ఈ రద్దీ ప్రభావానికి హెర్మన్ బౌమా 1970లో ఒక లెక్క కట్టాడు. చూపు నిలిచిన చోటు నుంచి వస్తువు ఎంత దూరంలో ఉందో అందులో దాదాపు సగం మేర దాని చుట్టూ ఖాళీ ఉంటే తప్ప దాన్ని విడిగా పోల్చుకోవడం కష్టం. బజారు వీధిలో బోర్డుల గుంపు మధ్య ఉన్న ట్రాఫిక్ గుర్తు కళ్ల ముందే ఉన్నా కనిపించకుండా పోవడానికి ఒక కారణం ఇదే.

మరోవైపు కదలికను, మినుకుమినుకుమనడాన్ని పట్టడంలో అంచు చూపుకు మంచి పదును ఉంది. పాతకాలపు ట్యూబ్‌లైటును నేరుగా చూస్తే నిలకడగా వెలుగుతున్నట్టే ఉండి, పక్కకు తిరిగితే రెపరెపలాడినట్టు తోచేది ఇందువల్లనే. రాత్రి ఆకాశంలో వెలుగు తక్కువ చుక్కలు కూడా నేరుగా చూసినప్పటికంటే కాస్త పక్కకు చూసినప్పుడు బాగా కనిపిస్తాయి, ఎందుకంటే ఫోవియా నడిమధ్యలో దండ కణాలు లేవు. పెళ్లిలో చూపే అరుంధతి సప్తర్షి మండలంలో వసిష్ఠుని పక్కనున్న చిన్న చుక్క. ముందు పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని చూపించి, అక్కడి నుంచి చిన్నదాని మీదికి చూపును నడిపించడమే అరుంధతీ దర్శన న్యాయం. అవధానాన్ని ఎక్కడ నిలపాలో ముందుగా ఒక గుర్తుతో సూచిస్తే గుర్తింపు వేగవంతమవుతుందని మైకేల్ పోస్నర్ 1980లో మిల్లీసెకన్ల లెక్కతో చూపిన విషయానికీ, తర్కశాస్త్రం ఉదాహరణగా వాడుకున్న ఈ పద్ధతికీ చుట్టరికం ఉంది.

శిక్షణ సంగతికి వస్తే ముందుగా ఒక తేడా స్పష్టం కావాలి. కంటికి కనిపించే క్షేత్రం వేరు, అందులో ఒక్క చూపులో మెదడు ఉపయోగించుకోగలిగే భాగం వేరు. మొదటిది కన్ను నిర్మాణాన్ని బట్టి ఉంటుంది, వ్యాయామాలతో అది పెరగదు. రెండోదాన్ని 'ఉపయోగకర దృష్టి క్షేత్రం' అంటారు. ఇది మనిషి స్థితిని బట్టి గంటగంటకూ మారుతుంది. నార్మన్ మాక్‌వర్త్ 1965లో చేసిన ప్రయోగం ఇక్కడ కీలకమైనది. మధ్యలో ఒక అక్షరం, రెండు పక్కలా రెండు అక్షరాలు చూపి అవి ఒకటేనా కాదా అని అడిగితే జనం బాగానే చెప్పారు. అదే తెరను అనవసరమైన అక్షరాలతో నింపేసరికి పక్క అక్షరాలను పోల్చుకోవడం ఒక్కసారిగా కుంటుపడింది. దృశ్యంలో రొద పెరిగితే చూపు సొరంగంలా ఇరుకవుతుందన్నది ఆయన తేల్చిన విషయం. అంచు చూపు శిక్షణ, దృష్టి మళ్లింపు నియంత్రణ అనే రెండు అంశాలను వేర్వేరు పాఠాలుగా బోధించే పుస్తకాలు తప్పటడుగు వేసేది ఇక్కడే. రొదను తగ్గించడమే అంచును వెడల్పు చేయడానికి అన్నిటికంటే సులువైన మార్గం. మధ్యలో ఉన్న పని ఎంత బరువైతే అంచు అంత కుంచించుకుపోతుంది, తేలికైతే అంత విచ్చుకుంటుంది, విచ్చుకున్నప్పుడు అక్కరలేనివి కూడా లోపలికి వస్తాయి.

ఈ క్షేత్రాన్ని కొలిచే పరీక్షను అమెరికాలో కార్లీన్ బాల్, డేనియల్ రోయెంకర్ రూపొందించారు. తెర మధ్యలో ఒక బొమ్మ క్షణకాలం మెరుస్తుంది, అది కారో ట్రక్కో చెప్పాలి. అదే క్షణంలో అంచున ఎనిమిది చోట్లలో ఒకచోట మరో కారు మెరుస్తుంది, అది ఎక్కడ కనిపించిందో కూడా చెప్పాలి. మూడో దశలో ఆ కారు చుట్టూ త్రికోణాల గుంపును నింపి దాన్ని మరుగుపరుస్తారు. జవాబులు సరిగ్గా వస్తున్నకొద్దీ మెరుపు వ్యవధి తగ్గుతూ పోతుంది. అర సెకను నుంచి సెకనులో అరవయ్యో వంతు దాకా ఆ వ్యవధి దిగగలదు. కంటి చార్టులో చివరి వరుస దాకా చదవగలిగిన వృద్ధులు కూడా ఈ మూడో దశలో తడబడతారు. అలా తడబడిన వృద్ధ డ్రైవర్లకు ప్రమాదాల చరిత్ర ఎక్కువగా ఉన్నట్టు 1990ల పరిశీలనల్లో బయటపడింది. కంటి చూపు బాగుందన్న ధ్రువపత్రం బండి నడపడానికి చాలదని దీని అర్థం.

ఇదే పరీక్షను సాధనగా మార్చి పెద్ద ఎత్తున పరిశీలించిన అధ్యయనం 'యాక్టివ్'. 1998లో మొదలైన ఈ అధ్యయనంలో 65 ఏళ్లు దాటిన 2,832 మందిని జ్ఞాపకశక్తి, తర్కం, దృష్టి వేగం అనే మూడు శిక్షణ బృందాలుగా, ఏ శిక్షణా లేని ఒక బృందంగా విభజించారు. ఒక్కో శిక్షణ అయిదారు వారాల్లో పది తరగతులు, తరగతికి గంట పైచిలుకు. దృష్టి వేగం శిక్షణ పొందినవారికి ఆ నైపుణ్యంలో కలిగిన మెరుగుదల పదేళ్ల తర్వాత కూడా కొంత మిగిలింది. తమ తప్పిదం వల్ల జరిగిన వాహన ప్రమాదాలు వారిలో శిక్షణ లేనివారితో పోలిస్తే దాదాపు సగం తగ్గాయని 2010లో వెలువడిన విశ్లేషణ చెప్పింది. పదేళ్ల కాలంలో చిత్తవైకల్యం (జ్ఞాపకం, ఆలోచన క్షీణించే డిమెన్షియా) ముప్పు 29 శాతం తక్కువగా ఉందని 2017లో మరో విశ్లేషణ వచ్చింది. అయితే ఈ రెండో ఫలితం అధ్యయనం మొదట్లో ప్రధాన లక్ష్యంగా పెట్టుకుని కొలిచింది కాదు కాబట్టి దాన్ని ఆశగా చూడాలి తప్ప హామీగా కాదు.

ఇలాంటి ఫలితాలను చూపి ఏ ఆట ఆడినా మెదడు పదునెక్కుతుందని ప్రచారం చేసేవారు చాలామంది ఉన్నారు. మెదడు ఆటల సంస్థ లూమోసిటీ తన ప్రకటనల్లోని దావాలకు తగిన ఆధారాలు చూపలేదన్న ఆరోపణపై 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 20 లక్షల డాలర్లకు రాజీ చేసుకోవలసి వచ్చింది. దృశ్య శిక్షణకు ఒక మొండి లక్షణం ఉంది. ఏది సాధన చేస్తే అదే మెరుగుపడుతుంది, పక్క పనికి అది పాకడం అరుదు. అంచున గుంపుగా ఉన్న అక్షరాలను విడదీయడంలో సాధన ఇచ్చి రద్దీ ప్రభావాన్ని తగ్గించగలిగినా, ఆ మనుషుల చదివే వేగం మాత్రం పెరగలేదని సుసానా చంగ్ 2007లో చూపింది. యాక్షన్ వీడియో గేమ్‌లు ఆడేవారికి అవధాన క్షేత్రం విశాలంగా ఉంటుందని షాన్ గ్రీన్, డాఫ్నీ బావెలియే 2003లో ప్రకటించిన ఫలితం ప్రసిద్ధమైనదే, కానీ ఆ లాభం రోజువారీ పనుల్లోకి ఎంత దూరం వస్తుందన్న వాదం ఇంకా తెగలేదు. అంచు చూపుతో పేజీకి పేజీ మింగేయవచ్చని చెప్పే వేగ పఠన కోర్సులకైతే పునాదే బలహీనం. వేగం హద్దు దాటి పెంచితే అర్థగ్రహణం పడిపోతుందనే పఠన పరిశోధన చెబుతోంది.

ఈ శిక్షణ మాట ప్రాణాల మీదికి వచ్చేది రోడ్డు మీదే. పొలాల మధ్య రెండు రోడ్లు అడ్డంగా కలిసే ఒక కూడలిని ఊహించుకుంటే విషయం బాగా అర్థమవుతుంది. తూర్పు నుంచి ఒక కారు, దక్షిణం నుంచి ఒక మోటార్‌సైకిల్, రెండూ మారని వేగంతో కూడలి వైపు వస్తున్నాయి. రెండూ ఒకే క్షణానికి అక్కడికి చేరబోతుంటే, కారు డ్రైవర్ కంటిలో ఆ మోటార్‌సైకిల్ ప్రతిబింబం చివరి దాకా ఒకే చోట నిలిచి ఉంటుంది. ముందు దాటిపోయే బండి అయితే ముందుకు జరుగుతుంది, వెనక పడిపోయేది వెనక్కి జరుగుతుంది. ఢీకొనబోయే బండి మాత్రమే కదలదు, నెమ్మదిగా పెద్దదవుతుందంతే. కదలికను పట్టడానికే పదునెక్కిన అంచు చూపుకు, అన్నిటికంటే ప్రమాదకరమైన వాహనమే కదలని చుక్కలా అందుతుంది. దానికి తోడు కారు ముందు అద్దాన్ని పక్కన పట్టి ఉంచే చట్రపు స్తంభం సరిగ్గా ఆ దిశలోనే ఉంటే, ఆ మోటార్‌సైకిల్ అనేక సెకన్ల పాటు దాని చాటునే ప్రయాణించవచ్చు. దిక్కు మారకుండా దగ్గరవుతున్న ఓడ ఢీకొనే ఓడ అని నావికులు ఎప్పటి నుంచో పాటిస్తున్న సూత్రం ఇదే. దీనికి విరుగుడు కంటి వ్యాయామాల్లో లేదు. కూడలి దగ్గరపడేటప్పుడు వేగం తగ్గించడం, తలను ముందుకూ వెనక్కూ కదిపి స్తంభం చాటును ఖాళీ చేసి చూడడం, అంచు చూపు చెప్పేదాకా ఆగకుండా చూపునే అటు పంపడం అన్నవి విరుగుడు.

చూపు పంపినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదన్నది మరో చేదు నిజం. బంతి పాస్‌లను లెక్కపెడుతున్న వీక్షకుల్లో దాదాపు సగం మంది, తెర మధ్య నుంచి నడిచి వెళ్లిన గొరిల్లా వేషధారిని గమనించలేదని డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రీ 1999లో చూపారు. ఫోన్ చెవిన పెట్టుకున్నా, హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడినా డ్రైవర్ల ఎరుక ఇలాగే ఇరుకవుతుంది. చేతులు ఖాళీగా ఉండడం అవధానం ఖాళీగా ఉండడం కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు ఫోన్ తెర చూస్తే బండి 33 మీటర్లు చూపు లేకుండా నడిచినట్టే. అందుకే కార్లలోని తెరలు ఒక్కసారికి రెండు సెకన్లకు మించి, ఒక పనికి మొత్తం 12 సెకన్లకు మించి చూపును లాగకూడదని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో మార్గదర్శకాలు ఇచ్చింది. రోడ్డు పక్క హోర్డింగుల విషయంలో మన దేశంలోనూ సుప్రీంకోర్టు 1997లో ఢిల్లీలో ట్రాఫిక్‌కు ప్రమాదకరమైన వాటిని తొలగించాలని ఆదేశించింది. కదిలే, మెరిసే బొమ్మల ప్రకటన తెరలు ఆ తర్వాత వచ్చి, ఈ సమస్యను ఇంకా పెంచాయి. ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యే వస్తువు మనిషి ఇష్టంతో నిమిత్తం లేకుండా అవధానాన్ని లాక్కుంటుందని స్టీవెన్ యాంటిస్, జాన్ జోనైడ్స్ 1984లో చూపిన లక్షణం మీదే ఆ తెరల వ్యాపారం నడుస్తోంది.

చుట్టూ ఉన్నవాటిని సర్ది అవధానాన్ని కాపాడడంలో క్రికెట్ ఎంతో ముందుంది. గంటకు 140 కిలోమీటర్ల బంతి చేతి నుంచి వదిలాక బ్యాటర్‌ను చేరడానికి పట్టేది సుమారు అర సెకను. ఆ అర సెకనులోనూ బ్యాటర్ బంతిని ఆసాంతం వెంబడించడని మైకేల్ లాండ్, పీటర్ మెక్లియోడ్ 2000లో కంటి కదలికలు రికార్డు చేసి చూపారు. బంతి చేతిని వదిలే చోటును చూసి, ఆ వెంటనే అది నేలను తాకబోయే చోటుకు చూపును ముందుగానే దూకించి అక్కడ కాపు కాస్తాడు. మంచి బ్యాటర్ ఆ దూకుడును ఇంకా త్వరగా మొదలుపెడతాడు. ఇంత నైపుణ్యం ఉన్నవాడు కూడా సైట్‌స్క్రీన్ పక్కన ఎవరో నడుస్తుంటే చేయి ఎత్తి బౌలర్‌ను ఆపేస్తాడు. ఏకాగ్రత ఉంటే అదేమీ కనిపించకూడదు కదా అని ఎవరూ అతన్ని తప్పుపట్టరు. ఎర్ర బంతికి తెల్ల తెర, తెల్ల బంతికి నల్ల తెర, బ్యాటర్ వెనకవైపు తెర మీద ఉన్న ప్రకటన ఓవర్ మారగానే కప్పివేయడం అన్నీ అందుకే. ప్రపంచంలో ఉత్తమ బ్యాటర్లకే ఇంత ఏర్పాటు అవసరమైనప్పుడు, పదో తరగతి విద్యార్థి టీవీ కదలాడుతున్న గదిలో కూర్చుని మనసు పెట్టి చదవలేకపోతే అది అతని సంకల్ప లోపమని నిందించడం అన్యాయం.

చదువు బల్ల దగ్గర మాత్రం కోరుకోవలసింది రోడ్డుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ అంచు ఇరుకు కావాలి. మధ్యలోని పని కంటికి నిండుగా ఉంటే పక్కనున్నవి లోపలికి రావడం తగ్గుతుందని నిల్లీ లావీ 1995లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెబుతుంది. తేలికగా, ఖాళీగా సాగే పాఠంలోనే కళ్లు కిటికీ వైపు పోతాయి. చిన్నపిల్లలకు ఈ వడపోత ఇంకా తక్కువ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు ఒకసారి గోడల నిండా చార్టులున్న గదిలో, మరోసారి ఖాళీ గోడల గదిలో పాఠాలు చెప్పారు. ఖాళీ గదిలో నేర్చిన పాఠాల్లో సగటున 55 శాతం, చార్టుల గదిలో 42 శాతం జవాబులు సరైనవి వచ్చాయి. రంగురంగుల గోడలను పాఠశాల నాణ్యతకు గుర్తుగా భావించే తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించవలసిన తేడా ఇది. ఇంట్లోనూ బల్లను తలుపుకు అడ్డంగా కాక, నడిచేవారు కంటి కొసలకు తగలని వైపు తిప్పడం, ఫోన్‌ను బోర్లించడం కంటే మరో గదిలో పెట్టడం వంటి చిన్న మార్పులు గంటల తరబడి చేసే ఏకాగ్రత సాధనల కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

అయినా అన్ని చోట్లా పరిసరాలను సర్దుకోవడం కుదరదు కాబట్టి సాధనకూ చోటుంది. పనికొచ్చే సాధన అసలు పనిని పోలి ఉంటుంది. కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడు ఎదురుగా ఉన్నవారిని చూస్తూనే రెండు మూలల్లో కాచుకున్న డిఫెండర్ల పాదాలను కంటి కొసలతో కనిపెట్టాలి. మూల వైపు కళ్లు తిప్పితే ఆ క్షణమే మధ్యలోంచి పట్టు పడుతుంది. ఆ నేర్పు కూత మీద కూతతో మైదానంలోనే వస్తుంది. కొత్త డ్రైవర్లు బండికి మరీ దగ్గరగా, ఇరుకైన మేరలో చూస్తారని, అద్దాలను తక్కువగా వాడతారని 1972లోనే తేలింది. దానికి సాధన 'కామెంటరీ డ్రైవింగ్'. 'ఎడమ పక్క ఆగిన బస్సు, దాని ముందు నుంచి ఎవరైనా రావచ్చు, కుడి అద్దంలో బైక్' అని కనిపించినవి, కనిపించబోయేవి బయటికి చెబుతూ నడపడమన్నమాట. బ్రిటన్ 2002 నుంచి లైసెన్సు పరీక్షలో వీడియోలు చూపి ముప్పును ముందే పసిగట్టే వేగాన్ని కొలుస్తోంది. మన లెర్నర్ లైసెన్సు పరీక్ష ఇప్పటికీ ఎక్కువగా గుర్తులు, నిబంధనల చుట్టూనే తిరుగుతోంది. మళ్లింపును సాధనలో భాగం చేసుకున్న సంప్రదాయం తెలుగులోనే ఉండడం గమనించదగ్గది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు కూర్చునేదే అవధాని దృష్టిని చెదరగొట్టడానికి. అవధాని ఆ మాటను విననట్టు నటించడు, ఒక్క చమత్కారంతో జవాబిచ్చి వదిలిన పాదం దగ్గరికే తిరిగి వస్తాడు.

ఏ సాధన మొదలుపెట్టే ముందైనా, కన్నే అంచులను కోల్పోతోందేమో తెలుసుకోవడం అవసరం. నీటికాసులు అని పిలిచే గ్లాకోమా నొప్పి లేకుండా చాలాసార్లు అంచు చూపును ముందుగా తినేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడమే చికిత్స చేయగలిగేది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించిన సర్వేలో, నీటికాసులు ఉన్నవారిలో ఎక్కువమందికి తమకు ఆ జబ్బు ఉన్న సంగతే తెలియదని తేలింది. తలుపు వాకిళ్లకు భుజం తగులుతుండడాన్నీ, పక్క నుంచి వచ్చిన స్కూటర్‌ను గమనించకపోవడాన్నీ వయసు మీద పడిందనో, పరధ్యానమనో ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఒక కంటిలో కోల్పోయిన భాగాన్ని రెండో కన్ను పూడుస్తుంది, రెండు కళ్లూ కోల్పోయిన చోట మెదడు చుట్టుపక్కల దృశ్యంతో అతుకు వేస్తుంది. అందుకే నల్లని మచ్చ ఏదీ కనిపించదు. ఒక కన్ను అరచేత్తో మూసుకుని ఎదుటి మనిషి ముక్కు మీద చూపు నిలిపి, ఆ మనిషి పక్కల నుంచి లోపలికి తెస్తున్న వేళ్లు ఎప్పుడు కనిపించాయో చెప్పే చిన్న పరీక్షతో పెద్ద లోపాలు ఇంట్లోనే బయటపడతాయి. చిన్నవి, తొలి దశవి మాత్రం ఆసుపత్రిలో చేసే విజువల్ ఫీల్డ్ పరీక్షకే దొరుకుతాయి.